సత్తవ్వ మంచం మీది కంత

కోరుట్ల,
12 ఏప్రిల్ 2025

తమ్ముడు పరశురాములుకు,

ఇంటిల్లిపాదీ బాగున్నారని తలుస్తాను. నేను బాగున్నానని రాయడం మర్యాద. కాని లేను, కాబట్టి రాయను.

నిన్న నా ఫోనుకు నీ పేరు మీద ఒక మెసేజి వచ్చింది. "హాయ్ అత్తమ్మా, గూన తీసేసి స్లాబు పోస్తున్నం, నీకేం అభ్యంతరం లేదు గదా" అని ఉంది. కింద చేతులు జోడించిన బొమ్మ. నువ్వు నన్ను ఎప్పటి నుంచి అత్తమ్మా అని పిలుస్తున్నావు? మహిపాల్ రాసి నీ పేరు పెట్టాడు. నీ కొడుక్కు అబద్ధం ఆడేటప్పుడు కూడా ఒళ్ళు వంగదు. ఫోను చేసి నిన్నే అడుగుదామంటే, సిరిసిల్ల మరమగ్గాల మోతలో, ఆ సాంచాల మధ్య నిలబడి నిలబడి నీ చెవులు ఎప్పుడో పోయాయి. అందుకే మళ్ళీ కాగితం, కలం. అంగన్‌వాడీలో పిల్లల పేర్లు రాసిన చెయ్యి, ఇంకా వణకడం లేదు.

గూన పెంకుల కప్పు తీసేసి స్లాబు ఎందుకురా? స్లాబు సుఖం ఏమిటో నన్ను అడుగు, చెబుతాను. మా ఇంటి మీద అంతస్తు వేసి కిరాయికి ఇచ్చాం కదా. వాళ్ళ బాత్రూం సరిగ్గా నా వంటగది నెత్తి మీద ఉంది. పైపు ఎక్కడో పగిలింది. మొదట స్లాబుకు పచ్చటి మరక పడింది, తరువాత పసుపు మరక పడింది, ఇప్పుడు చుక్క చుక్కగా కారుతోంది. ఏ నీళ్ళో నీకు చెప్పనవసరం లేదు. నేను అన్నం వండుతూ గిన్నె మీద ఒక మూత, ఆ మూత మీద ఇంకో పళ్ళెం పెడుతున్నాను. వాళ్ళను పిలిచి అడిగితే, "మా దగ్గర అంతా మంచిగనే ఉన్నది ఆంటీ" అన్నారు. మంచిగనే ఉంటుంది, కారేది కిందికి కదా! ఎండాకాలం సంగతి అయితే చెప్పనే వద్దు. పొయ్యి లేకుండానే ఉడుకుతున్నాం.

బాపు కట్టించిన ఇల్లు అది. సారంగాపూర్ దిక్కు నుంచి బండి మీద టేకు దూలం తెప్పించాడు. ఎండాకాలంలో ఆ నడిమింట్లో పడుకుంటే దుప్పటి కావాలనిపించేది. నాకూ సగం ఉందని కాగితాల మీద ఉంది. ఆ సగం నేను అడగను. గూన మాత్రం తీయవద్దని అడుగుతున్నాను. మేడిపల్లిలో ఎల్లన్న అని గూన కప్పేవాడు ఇంకా ఉన్నాడట, పిలిపించు. విరిగినవి మార్చి, మిగతావి తిరగేస్తే ఇంకో తరం నడుస్తుంది. వానలు పడక ముందే కానివ్వు.

మరదలు లచ్చవ్వను అడిగానని చెప్పు.

మీ అక్క,
వసంత


సిరిసిల్ల,
21 ఏప్రిల్ 2025

అక్కకు దండాలు.

ఉత్తరం అందింది. మెసేజి సంగతి నాకు తెలియదు. మహిపాల్‌ను అడిగితే భుజాలు ఎగరేశాడు.

నువ్వు బాత్రూం నీళ్ళ గురించి రాశావు కాబట్టి నేనూ రాస్తాను. అన్నం తిన్న తరువాత చదువు.

మన గూన కింద ఇప్పుడు ఎలుకల సంసారాలు ఉన్నాయి. ఎన్నో తెలియదు. మొన్న నడుస్తున్న సాంచె మీద, పడుగు దారాల మధ్యన, పై నుంచి ఒక ఎలుక పిల్ల పడింది. అప్పుడే పుట్టిందట, గులాబీ రంగులో, కళ్ళు తెరవనిది. నేను చూసే లోపల సాంచె దాన్ని బట్టలోకి కొట్టేసింది. మనిషి ఆపితే కదా ఆగేది. నేను ఆ ముక్క వరకు కోసి పారేశాను అనుకున్నాను. కాని ఇంకొకటి కూడా పడిందట, అది నేను చూడలేదు. బట్ట తాను చుట్టి పంపిన తరువాత సేటు గోదాములో విప్పాడు. ఫోటో తీసి మహిపాల్‌కు పంపాడు. "ఏం డిజైన్ ఇది?" అని అడిగాడు.

ఎక్కడో చచ్చినవి కూడా ఉన్నాయి. కంపు వస్తుంది గాని ఎక్కడి నుంచో దొరకదు. వాసాల మీద కట్టె పెట్టి పొడిస్తే ఎండిన పెంటికలు, బొచ్చు, ఉచ్చ వాసన నెత్తిన పడతాయి. జెర్రులు మంచం ఎక్కుతున్నాయి. రాత్రి అవి పరుగెత్తుతుంటే నాకు వినబడదు, నేను పడుకుంటాను. లచ్చవ్వకు వినబడుతుంది. "నీకు చెవులు లెవ్వు, నాకు నిద్ర లేదు, ఈ ఇంట్ల బాగుపడ్డది ఎలుకలే" అంటుంది. ఆమె వండటం మానేయలేదు గాని, ఇంట్లో తినడం మానేసింది. పళ్ళెం పట్టుకుని వాకిట్లో ఎండలో కూర్చుని తింటుంది. చూసేవాళ్ళు మేము కొట్లాడుకున్నామని అనుకుంటున్నారు.

ఎల్లన్నను పిలిపించాను. పైకి ఎక్కాడు, ముక్కుకు తువ్వాల కట్టుకుని దిగాడు. "గూన నేను తిరగేస్త. గని దూలం ఒకదిక్కు మెత్తవడ్డది, గది నా పని గాదు" అని నా చెవిలో అరిచి చెప్పాడు. చాయ్ ఇస్తే వాకిట్లోనే నిలబడి తాగి పోయాడు. సుతారి మేస్త్రి రామస్వామిని కూడా పిలిచాను. అతను లోపలికి రాకుండానే స్లాబు అన్నాడు. లచ్చవ్వ, మహిపాల్ కూడా స్లాబే అంటున్నారు. నువ్వు గూన అంటున్నావు. నేను ఏమీ అనడం లేదు.

ఒక మాట రాయక తప్పదు. నువ్వు అప్పుడే వచ్చి నీ పని నువ్వు చేసి ఉంటే ఇల్లు ఈ గతికి వచ్చేది కాదు.

నీ తమ్ముడు,
పరశురాములు


కోరుట్ల,
29 ఏప్రిల్ 2025

పరశురాములూ,

నీ ఉత్తరం చివరి మాట చదివిన తరువాత ఎలుక పిల్లల సంగతి నాకు పెద్దగా రోత అనిపించలేదు.

నా పనా? నేను చేయని పని ఏమిటి? మన మేనత్త సత్తవ్వను చూసుకోలేదనేనా? సరే, లెక్కలోకి రానిది ఒకటి ఉంది, అది నీకు గుర్తు చేస్తాను. అత్త మంచాన పడిన కొత్తలో తీసుకొచ్చి కోరుట్లలో నా ఇంట్లోనే పెట్టుకున్నాను. ఆమె జర్దా నమిలి గోడ మీద ఉమ్మేది. గోడకు సున్నం వేయించాను. సున్నం మీద ఉమ్మింది. డబ్బా పెడితే డబ్బాలో తప్ప అన్నిట్లో ఉమ్మేది. ఒకనాడు పొద్దున నేను స్టీలు గ్లాసులో చాయ్ ఉందనుకుని ఎత్తి నోట పెట్టుకున్నాను. చాయ్ కాదు. ఆ రోజు నుంచి ఇప్పటికీ స్టీలు గ్లాసులో నేను నీళ్ళు కూడా తాగను. నోటి నిండా తిట్లు, ఒంటి నిండా కంపు. పక్కింటివాళ్ళు కిటికీలు మూసుకున్నారు. అప్పుడు మీ దగ్గరికి పంపాను. పంపక ఏం చేయాలి?

అమ్మ పోయిన తరువాత ఆమె బీడీలు చేసి మనల్ని సాకింది. నేను కాదనలేదు. మొగుడు పోయి, పిల్లలు లేక, పుట్టింటికి వచ్చిన మనిషి. నా జడలు వేసింది, మన ముక్కులు తుడిచింది. అవన్నీ నాకు గుర్తున్నాయి. కాని అవి గుర్తున్నాయని ఆ గ్లాసు మరిచిపోవడం నాతో కాలేదు. ఈ మాట నువ్వు అనకూడదు. నీ ఇంట్లో కూడా ఆమెను నువ్వు చూసుకోలేదు, సాంచాల దగ్గర నిలబడ్డావు.

ఇక లచ్చవ్వ వాకిట్లో కూర్చుని తినడం గురించి. మనం చిన్నప్పుడు అదే గూన కింద తిన్నాం, అప్పుడూ ఎలుకలు ఉన్నాయి. ఎవరికీ ఏమీ కాలేదు. మరదలికి కొంచెం ఎక్కువ చేసి చూపించడం మొదటి నుంచీ అలవాటే. ఆమె మాట పట్టుకుని బాపు ఇల్లు పడగొట్టకు. మెత్తబడ్డ దిక్కు దూలానికి కింద మొగురం నిలబెట్టు, ఆగుతుంది. ఎలుకలకు మందు పెట్టు.

మా పైవాళ్ళు పైపు బాగు చేయించారు. ఇప్పుడు పొయ్యి మీద కారడం లేదు, దేవుని మూల కారుతోంది.

వసంత


సిరిసిల్ల,
9 మే 2025

అక్కా,

లచ్చవ్వ ఇంట్లో లేదు. జగిత్యాలలో బిడ్డ నవ్య దగ్గరికి పోయింది. నీ ఉత్తరం నేను బల్ల మీద పెట్టి సాంచె దగ్గరికి పోయాను, ఆమె చదివింది. ఎక్కడి వరకు చదివిందో ఆమె ముఖం చూస్తే తెలిసింది. పళ్ళెం కడిగి బోర్లించి, సంచి సర్దుకుంది. బస్సెక్కేటప్పుడు నవ్వు మొహంతో మహిపాల్‌తో ఏదో అన్నది. నేను అడిగితే వాడు కాగితం మీద రాసి చూపించాడు: "కప్పు మారితే అస్త, లేకుంటే రాను." ఆమె లేని ఇంట్లో నేనూ మహిపాల్ హోటల్ నుంచి తెచ్చుకుని తింటున్నాం. ఆ అన్నం కూడా వాకిట్లోనే.

మొన్న అకాల వాన కొట్టింది. ధాన్యం తడిసిందని అందరూ ఏడుస్తున్నారు, మా నడిమింట్లో మోకాలి ఎత్తు బకెట్లు నిండాయి. ఎక్కడి నుంచి పడిందో నీకు చెప్పనవసరం లేదు. సత్తవ్వత్త మంచం మీది కంత నుంచే.

నేను అన్న నీ పని అదే, అక్కా. ఆమెను చూసుకోవడం గురించి కాదు. నువ్వు గ్లాసు సంగతి రాస్తే నేను ఆశ్చర్యపోయాను. మన ఇంట్లో ఉన్న పద్ధతి నాకన్నా నీకే ఎక్కువ తెలుసు. అత్త ధనిష్ఠ నక్షత్రంలో పోయింది. అయ్యగారు ఆర్నెల్లు ఇల్లు విడిచి పొమ్మన్నాడు. సాంచాల మీద చీరల ఆర్డరు ఉంది, ఎక్కడికి పోతాం? పోకపోతే ఆమె పోయిన మంచానికి పైన గూన తీసి, ఆమె పోవడానికి తొవ్వ ఇవ్వమన్నాడు. తీశాం, నువ్వు చూశావు. సంవత్సరీకం అయిన తరువాత ఆమె కడుపున పుట్టినవాళ్ళు గాని, ఆమె బిడ్డల్లా సాకినవాళ్ళు గాని ఆ గూన తిరిగి పెట్టాలి. పెట్టినవాళ్ళే ఏటా పెత్తరమాస అమావాస్యకు పెద్దలతో పాటు ఆమె పేర బియ్యం ఇవ్వాలి. అప్పటి వరకు ఆ కప్పు మీద ఎవరూ చెయ్యి వేయకూడదు. బాగు చేయడానికైనా, పడగొట్టడానికైనా.

ఆమె చివరి వరకు "నా బిడ్డ వసంతే" అన్నది. అందుకే ఏడాది కాగానే నీకు చెప్పమని మహిపాల్‌తో ఫోను చేయించాను. నువ్వు "చూద్దాం" అన్నావని చెప్పాడు. నేను చూస్తూనే ఉన్నాను. కంత మీద ప్లాస్టిక్ కవరు కట్టాను. ఎండకు అది చినిగింది. ఇంకోటి కట్టాను. ఎలుకలు కొరికాయి. రెండు వానాకాలాల నీళ్ళు వాసాల మీదుగా పోయి దూలంలో చేరాయి. మెత్తబడ్డది ఆ దిక్కే.

గూన అనుకున్నా, స్లాబు అనుకున్నా, ముందు నువ్వు రావాలి.

పరశురాములు


కోరుట్ల,
16 మే 2025

తమ్ముడూ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. కంత తీయడం చూశాను. మూయలేదని ఇప్పుడే వింటున్నాను. సంవత్సరీకం నాడు జ్వరంతో నేను రాలేదు, ఆ రోజే నువ్వు మూసి ఉంటావని అనుకున్నాను. నన్ను మూయమన్నారని ఎవరూ చెప్పలేదు. దేవుని మీద ప్రమాణం.

వెంటనే మహిపాల్‌కు ఫోను చేశాను.

"ఏంరా, గా కంత ముచ్చట నాకెందుకు చెప్పలే?"

"అత్తమ్మా, గవన్ని ఏం మాటలు? స్లాబు పడితే కంత ఏడుంటది?"

"మరి నేను చూద్దామన్ననని మీ బాపుకెట్ల చెప్పినవ్?"

"చెవులు లేనాయనకు పొడుగు ముచ్చట చెప్తే సమజ్ గాదు. గందుకే చిన్నగ చెప్పిన."

నేను ఛీ కొట్టి పెట్టేశాను. నువ్వు నా మీద కోపం పెట్టుకున్నావు, నేను నీ మీద పెట్టుకున్నాను, వాడు మధ్యలో చల్లగా కూర్చున్నాడు. ఇన్నాళ్ళు ఆ ఇంటిని ఎలుకలు తినలేదు, వీడి బద్ధకం తిన్నది.

సరే, అదట్లా ఉంచు. ఇక్కడ మా అయ్యగారిని అడిగాను. ఇంట్లో మగబిడ్డ ఉండగా ఆడబిడ్డ పెట్టనవసరం లేదన్నాడు. నువ్వు ఆమె మేనల్లుడివి, ఆ ఇంట్లోనే ఉన్నావు, ఆమె ప్రాణం పోయింది నీ కప్పు కిందనే. అన్నీ చూస్తే నువ్వే పెట్టాలి. నాకు మోకాళ్ళు నొప్పులు, నిచ్చెన ఎక్కలేను. పెత్తరమాసకు బియ్యం అంటే నేను మా అత్తగారింటి పెద్దలకు ఇచ్చుకుంటాను, రెండింటికి ఒక చేతితో ఇవ్వకూడదని కూడా అంటారు. అడిగి చూడు.

నువ్వు పెట్టేసి, గూన తిరగేయించు. దూలం మెత్తబడిన ముక్క వరకే మార్పించు. లచ్చవ్వకు నేను అన్న మాటలు మనసులో పెట్టుకోవద్దని చెప్పు.

మీ అక్క,
వసంత


సిరిసిల్ల,
23 మే 2025

అక్కకు,

మహిపాల్‌ను తిట్టాను. వాడు ఫోను చూస్తూ తిట్లు తిన్నాడు.

మా అయ్యగారు వేరే చెప్పాడు. పోయినవాళ్ళు ఎవరిని బిడ్డ అన్నారో వాళ్ళే పెట్టాలన్నాడు. నన్ను ఆమె ఏమన్నదో నీకు తెలియదు. చివరి వారం నేను నీళ్ళు పట్టించబోతే గ్లాసు విసిరి కొట్టి, "నా నోట్ల నీళ్ళు పోసేది నువ్వు గాదురా, సాంచాలోడా, పో" అన్నది. నా చెవులకు కూడా వినబడేంత గట్టిగా అన్నది. నా ముఖం మీద ఉమ్మింది. అట్లాంటి మనిషి పేర నేను ఏటా బియ్యం ఇస్తే తీసుకుంటుందా? తీసుకోకపోతే ఎవరి మీద పడుతుంది? నాకు మనవలు పుట్టాల్సి ఉంది.

రామస్వామి జూన్ ఒకటో తారీఖు దొరుకుతానన్నాడు, దాటితే వానలు పోయే వరకు దొరకడు. స్లాబే వేయిస్తున్నాను. ఎల్లన్న చూసిన తరువాత దూలంలోకి నేను గునపం గుచ్చి చూశాను, పిండిలో దిగినట్టు దిగింది. లోపలి నుంచి తెల్లటి పురుగులు వచ్చాయి. నీ టేకు దూలం అది. గూన తిరగేసే ముచ్చట ఇక మరిచిపో.

నిన్న జగిత్యాల పోయి వచ్చాను. లచ్చవ్వ అప్పుడే అన్నం ముందు కూర్చుంది, ఇంట్లోనే, ఫ్యాను కింద. నవ్య నా కోసం ఆమె మాటలన్నీ ఫోనులో టైపు చేసి చూపించింది. "నా చీరలన్ని కంపు కొడ్తున్నయి, రెండుసార్లు పిండినా పోతలేదు. ఈడ నాలుగు మెతుకులు నిమ్మళంగ తింటున్న. కప్పు మార్చు, నేనే అస్త." స్లాబు రోజు చెప్పాను. సంతోషపడింది. అప్పుడు ఒకటి అడిగింది: "మరి గూన ఎవ్వలు పెడ్తున్నరు?" అక్క నన్ను పెట్టమంటోంది, నేను అక్కను పెట్టమంటున్నాను అన్నాను. ఆమె నా దిక్కు చూసింది. సగం అన్నం ఉండగానే పళ్ళెంలో చెయ్యి కడుక్కుంది.

ఒకటో తారీఖు నువ్వు రా. నిచ్చెన నేను పట్టుకుంటాను.

పరశురాములు


కోరుట్ల,
28 మే 2025

తమ్ముడూ,

ఈ ఉత్తరం నీకు చేరడం ఆలస్యం కావొద్దని బస్సులో వచ్చే మనిషితో పంపుతున్నాను.

స్లాబు వేయించుకో. నేను ఇక అడ్డం చెప్పను. పురుగుల సంగతి చదివిన తరువాత టేకు మీద కూడా మనసు విరిగింది.

నేను రావడం మాత్రం కుదరదు. ఎండ చూస్తున్నావు కదా, బస్సులో కూర్చుంటే కళ్ళు తిరుగుతున్నాయి. నాకు ఇంకో ఉపాయం తోచింది. మా అయ్యగారు కూడా తప్పు లేదన్నాడు. ఆ రోజు పొద్దున మహిపాల్‌ను వీడియో కాల్ చేయమను. గూనలకు పసుపు కుంకుమ పెట్టి ఫోను ముందు చూపించండి. నేను ఇక్కడి నుంచి చెయ్యి పెట్టి దండం పెట్టుకుంటాను. తరువాత ఎవరో ఒకరు, రామస్వామి పనివాళ్ళలో ఎవరైనా సరే, తీసుకుపోయి కంతలో పెడతారు. నేను పెట్టినట్టూ అవుతుంది, నేను పెట్టనట్టూ అవుతుంది. బియ్యం సంగతి తరువాత మాట్లాడుకుందాం.

ఈ రోజుల్లో పెళ్ళిళ్ళకే ఫోనులో అక్షింతలు వేస్తున్నారు.

మీ అక్క,
వసంత


కోరుట్ల,
10 జూన్ 2025

పరశురాములూ,

ఏమైందిరా? ఆ రోజు ఫోనులో గూనలు కనబడ్డాయి, నేను చెయ్యి పెట్టాను. అంతలో లచ్చవ్వ వాకిట్లోకి వచ్చినట్టు కనబడింది. మహిపాల్ "అమ్మా, ఆగు" అన్నాడు. తరువాత అంతా చీకటి. ఎవరో ఏదో అంటున్నట్టు వినబడింది, మాటలు తెలియలేదు. ఎన్నిసార్లు ఫోను చేసినా వాడు ఎత్తడం లేదు. నవ్య ఎత్తి, "బాపు రాస్తడు అత్తమ్మా" అని పెట్టేసింది.

వెంటనే రాయి.

వసంత


సిరిసిల్ల,
15 జూలై 2025

అక్కకు,

ఇన్ని రోజులు రాయలేదు. రాయాలని కూర్చుంటే చెయ్యి సాగలేదు.

చీకటి అయింది ఎందుకంటే మహిపాల్ ఫోను జేబులో వేసుకుని నిచ్చెన పట్టుకోవడానికి పరుగెత్తాడు.

లచ్చవ్వ పొద్దున్నే జగిత్యాల బస్సు దిగి వచ్చింది. సంచి తేలేదు. వాకిట్లో అయ్యగారు, రామస్వామి, నలుగురు పనివాళ్ళు, ఫోనులో నువ్వు. పసుపు పెట్టిన గూనలు నా చేతిలో ఉన్నాయి. పనివాళ్ళలో ఎవరికి ఇవ్వాలా అని చూస్తున్నాను. వాళ్ళు కూడా వెనక్కి జరుగుతున్నారు, తెలియనివాళ్ళ చావు మాకెందుకని. లచ్చవ్వ వచ్చి గూనలు నా చేతుల్లోంచి లాక్కుంది. బోరింగు దగ్గర పసుపు అంతా కడిగేసింది. కొంగు నడుముకు చుట్టి నిచ్చెన ఎక్కింది. ఆ వయసులో, ఆ పుచ్చిన వాసాల మీద, ఎలుకల పెంట మీద మోకాళ్ళు పెట్టుకుంటూ కంత దాకా పోయింది. ఏ వాసనకు ఆమె వాకిట్లో కూర్చుని తిన్నదో ఆ వాసనలోకే పోయింది. ముక్కుకు ఏమీ కట్టుకోలేదు.

అక్కడ కూర్చుని ఏదో అన్నది. నాకు పెదవులు కదలడమే కనబడింది. తరువాత మహిపాల్‌ను అడిగాను. వాడు చెప్పనన్నాడు. రెండో రోజు తనంతట తనే కాగితం మీద రాసిచ్చాడు. ఉన్నది ఉన్నట్టు నీకు రాస్తున్నాను.

"అత్తా, నీ పియ్యి మూత్రం ఎత్తింది నేను. నీ తల దువ్వింది నేను. నువ్వు నన్ను తిట్టని తిట్టు లేదు, నేను నిన్ను తిట్టుకోని దినం లేదు. నీ బిడ్డ ఫోన్ల ఉన్నది. నీ కొడుకు నిచ్చెన కింద ఉన్నడు. బతికినన్ని దినాలు నీ దగ్గర ముక్కు మూసుకుండ్రు, గిప్పుడు ఒకల మొఖం ఒకలు చూసుకుంటున్నరు. ఇగో, నేనే మూస్తున్న. ఇగ పో, సల్లగ పో."

గూనలు ఒక్కొక్కటే పెట్టింది. కంత మూసుకుపోయింది. దిగి వచ్చి రామస్వామితో, "ఇగ మొత్తం ఇప్పుండ్రి" అన్నదట. పెత్తరమాసకు ఆమె పేర బియ్యం ఎవరిస్తారని అయ్యగారు అడిగితే, "నేనిస్త. కోడల్ని" అన్నదట. అయ్యగారు నా దిక్కు చూశాడు. నేను నేల దిక్కు చూశాను. ఆమె బోరింగు కింద స్నానం చేసి, తడి చీరతోనే బస్సెక్కి జగిత్యాల పోయింది.

ఆ మధ్యాహ్నానికి కప్పంతా దిగింది. పెంటతో సహా ఎత్తి పారబోశాం. చచ్చిన ఎలుకలు కూడా దొరికాయి. చెప్పుకునేంత రోత ఏమీ కాదు. అది నేను ముందు అనుకున్నంత లేదు.

స్లాబు పడింది. గోడలకు సున్నం వేయించాను. ఇంట్లో ఇప్పుడు సిమెంటు వాసన తప్ప ఏ వాసనా రావడం లేదు. మొన్న జగిత్యాల పోయి, కప్పు మారింది, రమ్మన్నాను. నవ్య టైపు చేయలేదు. లచ్చవ్వే నా చెవి దగ్గరికి వచ్చి మెల్లగా కాదు, గట్టిగా కాదు, నాకు వినబడేటట్టు అన్నది. "కప్పు రోతకు ఈడికి అచ్చిన అనుకున్న. గూన పెట్టినంక ఎర్కైంది, నా రోత కప్పు మీద గాదు. మీ అక్కతమ్ముల మీద." అని లోపలికి పోయి తలుపు దగ్గరికి వేసుకుంది. తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు బాగుండేది.

నువ్వు ఒకసారి జగిత్యాల పోయి అడిగితే వస్తుందేమోనని రాద్దామని ఈ ఉత్తరం మొదలు పెట్టాను. ఇప్పుడు అడగడం లేదు. నేను నిన్ను పొమ్మంటాను, నువ్వు నన్నే పొమ్మంటావు, మనం మళ్ళీ ఒకరికొకరం ఉత్తరాలు రాసుకుంటాం.

రేపు పొద్దున బస్సుకు నేనే పోతున్నాను. రాకపోతే ఎల్లుండి కూడా పోతాను.

పరశురాములు